ఆండాళమ్మ దగ్గర దాచిన చావు

నెల్లూరులో నాతోపాటు నర్సు ట్రైనింగు చేసిన స్నేహితురాలు ఒకామె, వృద్ధులను చూసుకునే పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలకు ఇప్పుడు పాఠాలు చెబుతోంది. "మందుల సంగతి, మంచం పుండ్ల సంగతి నేను చెప్పుకుంటాను. పుస్తకంలో లేనిదేదైనా ఉంటే నువ్వు రాసివ్వు సరోజా" అని అడిగింది. అందుకోసం ఇది రాస్తున్నాను.

మాది పుదుచ్చేరి. నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఒర్లియంపేటలో మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నా, పిల్లలందరం బడిలో తమిళమే చదివాం. నెల్లూరు వెళ్ళాకే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎవరి ఇల్లు

నా ఉద్యోగంలో సగం సర్కారు ఆసుపత్రిలో గడిచింది. మిగతా సగం, రెండువేల సంవత్సరం దాటాక, ఊళ్ళోనే ఒక ట్రస్టు నడిపే వృద్ధుల హోమ్‌లో. అప్పటికింకా బోర్డుల మీద ఊరి పేరు పాండిచ్చేరి అనే ఉండేది. అక్కడ నేను నర్సింగ్ ఇన్‌ఛార్జిని.

ఆసుపత్రిలో రోగి నాలుగు రోజులు ఉంటాడు, బాగైతే ఇంటికి పోతాడు. ఆ నాలుగు రోజులూ మనం చెప్పినట్టు వింటాడు, మనకూ అదే అలవాటైపోతుంది. హోమ్‌లో ఉండేవాళ్ళకు వేరే ఇల్లు లేదు. అదే వాళ్ళ ఇల్లు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే పరాయివాళ్ళం మనమే. తలుపు తట్టి లోపలికి వెళ్ళండి. తొందరగా ఉందని తలుపు తీసిపెట్టి స్నానం చేయించకండి. వాళ్ళ ముందే వాళ్ళ గురించి ఇంకొకరితో మాట్లాడకండి. ఇవన్నీ మీకు క్లాసులో చెబుతారు, చెప్పాలి కూడా. నేను చెప్పదలుచుకున్నది ఒక్క మనిషి సంగతి. ఆమె వల్ల మా హోమ్‌లో ఏం మారిందో చెబుతాను.

ఆండాళమ్మ

ఆమెది బాహూరు. చెరువు కింద పొలాలున్న తెలుగు కుటుంబం, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. తమ్ముడు గోవిందరాజులు పొలం చూసుకుంటే, ఈమె నాట్లకూ కోతలకూ కూలివాళ్ళను పిలిపించడం దగ్గర్నుంచి ఇంటి పెత్తనమంతా చేసింది. ఎనభైకి దగ్గర పడ్డాక పశువుల కొట్టంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు కానీ మళ్ళీ నిలబడలేకపోయింది. హోమ్‌కు వస్తానన్నది ఆమే.

"ఇద్దరు మనుషులు ఎత్తితే గాని లేవలేను. ఇంట్లో యాడుండారు ఇద్దరు?" అంది నాతో.

చేరిన రోజే ఆయా మల్లికకు పాఠం చెప్పింది. మా ఊళ్ళో ముసలి ఆడవాళ్ళనందరినీ పాటీ అనే పిలుస్తారు, అవ్వ అన్నట్టు. మల్లిక కూడా అలాగే, "పాటీ, చెయ్యి పైకెత్తు" అంది.

"నేను నీకు పాటీనా? మా అమ్మ నాకు ఆండాళు అని పేరు పెట్టింది. ఆ పేరు పెట్టి పిలువు" అంది ఆండాళమ్మ. అప్పటినుంచీ మేమందరం ఆమెనే కాదు, హోమ్‌లో అందరినీ పేరుతోనే పిలవడం మొదలుపెట్టాం.

తమ్ముడు నెలకొకసారైనా బాహూరు నుంచి బస్సులో వచ్చేవాడు. కొత్త వడ్లు దంచిన అటుకులు మూట కట్టి తెచ్చేవాడు. వరండాలో ఆమె చక్రాల కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కూర్చున్న కాసేపటికే పోట్లాట మొదలయ్యేది.

"చెరువులోకి నన్ను తోసింది నువ్వే" అనేవాడు తమ్ముడు.

"నేనెందుకు తోస్తాను? నువ్వే జారినావు."

"చెయ్యి పెట్టి తోసినావు. నాకు గుర్తుండాది."

ఎప్పుడో అరవై డెబ్బై ఏళ్ళ నాటి సంగతి. ఒకరు గెలిస్తే రెండోవాళ్ళకు మళ్ళీ వచ్చేందుకు పని ఉండదన్నట్టు, ఆ తగువును ఎన్నడూ తేల్చుకోలేదు.

సెలవు నుంచి తిరిగి వచ్చాక

ఒక ఏడు దీపావళికి ముందు, బంధువుల పెళ్ళికని సెలవు పెట్టి నెల్లూరు వెళ్ళాను. తిరిగి వచ్చిన పొద్దున గేటు దగ్గరే మల్లిక ఎదురొచ్చింది.

"సిస్టర్, ఆండాళమ్మ తమ్ముడు పోయినాడు. జ్వరమొచ్చి పోయినాడంట. ఆమెకు చెప్పకూడదంట."

ఆయన కొడుకు దేవరాజు గుండుతో వచ్చి, ఆఫీసులో సూపరింటెండెంటును కలిసి, వార్డు వైపు తొంగి కూడా చూడకుండా వెళ్ళిపోయాడట. అత్తకు గుండె బలహీనంగా ఉంది, వింటే తట్టుకోలేదు, ఎవరూ చెప్పొద్దు అన్నాడట. సూపరింటెండెంటు నటరాజన్ గారు స్టాఫు అందరినీ పిలిచి ఆ మాటే ఆర్డరుగా చెప్పారు.

నటరాజన్ గారి గురించి న్యాయంగా రాయాలి. నేను పనిచేసిన పై అధికారుల్లో ఆయనే మంచివారు. ఆడవాళ్ళ స్నానాల గదులకు లోపలివైపు గడియలు పెట్టించింది ఆయనే. హోమ్‌లో వాళ్ళు తిన్నదే తానూ తినేవారు, పండగ రోజు సెలవు తీసుకునేవారు కాదు. అయితే ఆయనకు ఒక నమ్మకం ఉండేది. ఈ వయసులో వాళ్ళకు ఇంకొక దుఃఖం తెలియకూడదు, దుఃఖం మన గేటు దగ్గరే ఆగిపోవాలి అని. చెడ్డ అధికారితో పోట్లాడటం సులభం. ఇంత ప్రేమగా తప్పు చేసే మనిషితో ఎలా పోట్లాడాలో ఎవరూ నేర్పరు.

ఆండాళమ్మ నన్ను చూడగానే అడిగింది, "ఏమే, మా తమ్ముడు రాలేదే? కాలు బెణికిందని చెప్తా ఉండారు వీళ్ళు. అంత పెద్ద బెణుకా?"

నేను మందుల ట్రే సర్దుకుంటూ నిలబడ్డాను. తరువాత మేం చెప్పే సాకుల్లో కాలు బెణుకు వానలైంది, వానలు రోడ్డు మీద నీళ్ళయ్యాయి. మల్లిక ఆ మంచం దగ్గరికి వెళ్ళాలంటే భయపడేది. "నేను ఎప్పుడు ఏం చెప్పినానో నాకే మరిచిపోతా ఉండాది సిస్టర్" అనేది.

దీపావళి వచ్చింది. హోమ్‌లో అందరికీ తలంటి పోసి, దాతలెవరో ఇచ్చిన కొత్త చీరలు కట్టించాం. దేవరాజు ఒక లడ్డూల పెట్టె పంపాడు. మీ తమ్ముడు పంపించాడని ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఒకటి తిని, పెట్టె వైపు చూస్తూ అంది, "వాడు లడ్డు కొనే రకం గాదే."

ఆ మధ్యాహ్నమే నటరాజన్ గారి గదికి వెళ్ళాను. మేము మాట్లాడుకున్నది తమిళంలో. తెలుగులో ఇలా ఉంటుంది.

"సార్, ఆండాళమ్మకు చెప్పేద్దాం."

"తెలిస్తే ఆమె ఏం చేస్తుంది సరోజా? పోయి చూడగలదా? మనిషి దహనమైపోయాడు."

"ఏడుస్తుంది సార్."

"అదే కదా నేను వద్దంటున్నది."

"ఆవిడ తమ్ముడు సార్. ఏడవనివ్వండి."

"ఆమెకేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?"

వారానికోసారి వచ్చే డాక్టరు గారిని అడిగాను. ఆమె గుండెకు ఏ జబ్బూ లేదన్నారు. దుఃఖం వల్ల ఏమీ కాదని మాట ఇవ్వలేను కానీ, దాచమని నేను మాత్రం చెప్పను అన్నారు. ఆ మాట చెబితే నటరాజన్ గారు మెత్తబడ్డారు, అయినా, "కుటుంబం ఒప్పుకోవాలి" అన్నారు. సరే, కుటుంబాన్నే అడుగుదామనుకున్నాను. నా ఆఫ్ రోజున బాహూరు బస్సెక్కాను.

దేవరాజు చెప్పింది

దేవరాజు ఇంట్లోనే ఉన్నాడు. నలభై దాటిన మనిషి. నన్ను చూసి కంగారుగా లేచాడు. "అత్తకేమన్నా అయిందా సిస్టర్?"

ఏమీ కాలేదని చెప్పి, వచ్చిన పని చెప్పాను. డాక్టరు మాట కూడా చెప్పాను. గుండె బాగుందనగానే సంతోషపడతాడనుకున్నాను. అతని ముఖం ఇంకా వాడిపోయింది. భార్య లోపలినుంచి కాఫీ తెచ్చి పెట్టి, అతని వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

"గుండె సంగతి గాదు సిస్టర్" అన్నాడు చివరికి. "నాయన ఆ రోజు సాయంత్రం అక్కను పిలుచుకొని రా అన్నాడు. వాన పడతా ఉండాది. ఆమెను బండిలో ఎక్కించాలంటే మనుషులు కావాల. రేపు పోతా నాయనా అన్నా. తెల్లారేసరికి లేడు. ఇప్పుడు అత్త దగ్గరికి పోతే మొదట అడిగేది అదే గదా. నన్ను ఎందుకు పిలవలేదురా అని. ఏం చెప్పేది?"

పని చేసినన్నాళ్ళూ ఈ మాట నాకు గుర్తుండిపోయింది. వాళ్ళు తట్టుకోలేరు అని ఎవరైనా మీతో అంటే, తట్టుకోలేనిది నిజంగా ఎవరో కొంచెం ఆగి చూడండి. అది తెలిశాక నాకు దేవరాజు మీద కోపం పోయింది. తండ్రి చివరి కోరిక తీర్చలేదన్న బాధతో, అత్త అడగబోయే ప్రశ్నకు భయపడుతూ అతను నలిగిపోతున్నాడు.

"ఆ మాట నువ్వే చెప్పాలి బాబూ. నేను పక్కనే ఉంటాను" అన్నాను.

తరువాతి ఆదివారం వస్తానన్నాడు.

"పెసాదం ఏది?"

వచ్చాడు. పదిన్నర పదకొండు గంటల వేళ, ఆండాళమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నేనూ మల్లికా కొంచెం దూరంలో నిలబడ్డాం. నటరాజన్ గారు గుమ్మం దగ్గర ఉన్నారు. దేవరాజు ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆండాళమ్మ అతని తల వైపు చూస్తోంది. జుట్టు అప్పుడప్పుడే కురచగా మొలుస్తోంది.

"తల ఏందిరా అట్టా ఉండాది?"

"తిరుపతికి పోయొచ్చినా అత్తా" అన్నాడు.

"మీసం గూడా ఇచ్చినావా దేవుడికి?"

అతను చేత్తో పై పెదవి మూసుకున్నాడు.

"తిరుపతికి పోయినోడివి, పెసాదం ఏది?"

దేవరాజు మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చేశాడు. ఆమె ఏడవలేదు. చెయ్యి చాచి ఆ గుండు మీద పెట్టింది.

"ఎప్పుడురా?"

"దీపావళికి ముందే అత్తా."

ఆమె తల తిప్పి మా వైపు చూసింది. అప్పుడామె కళ్ళలో దుఃఖం కంటే ముందు అవమానం కనిపించింది.

"నాకు తలంటి పోసినారే. కొత్త చీర కట్టించినారే. వాడు పోయి ఉండంగా నాకు లడ్డు తినిపించినారే" అంది.

మల్లిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో చావు జరిగిన ఏడు పండగ చేసుకోరన్న సంగతి మాలో ఎవరికి తెలియదు? తెలిసే చేశాం. మేము ఆమె బాధ తప్పించామనుకున్నాం. ఆమె లెక్కలో, తమ్ముడి మైలలో ఆమె చేత పండగ చేయించాం. ఆమె తన జీవితమంతా ఏది పద్ధతి అని నడుచుకుందో దాన్ని ఆమెకు తెలియకుండా, ఆమె చేతే తప్పించాం.

మళ్ళీ మేనల్లుడి వైపు తిరిగి అడిగింది, "చివర్లో నన్ను అడిగినాడా?"

"అడిగినాడత్తా. అక్కను పిలుచుకొని రా అన్నాడు. రేపు పోతా అని చెప్పినా."

ఆమె అతని ముఖం పైకెత్తి చూసింది.

"ఈ మాట కడుపులో పెట్టుకొని ఇన్నాళ్ళు యెట్టా అన్నం తిన్నావురా?" అంది.

అది తిట్టో జాలో నాకు ఈ రోజుకీ తెలియదు. రెండూ అనే అనుకుంటాను.

మైల స్నానం

తరువాత నన్ను పిలిచింది. "నీళ్ళు పెట్టు. మైల స్నానం చెయ్యాల."

ఆ వేళ వాన ముసురుగా ఉంది. నటరాజన్ గారు నన్ను పక్కకు పిలిచి, జలుబు చేస్తుంది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలదా అన్నారు.

"ఆమె స్నానం చేస్తానంటోంది సార్. చేయిస్తాను" అన్నాను. ఆయన ఇంక అడ్డు చెప్పలేదు.

వేడినీళ్ళు తోడి పెట్టాం. ఆమె చెయ్యి పెట్టి చూసి, "ముందు చన్నీళ్ళు పొయ్యండి. ఆనక మీ ఇష్టం" అంది. మల్లిక నా వైపు చూసింది. పొయ్యమన్నాను. తల మీద నుంచి పోసింది. మొదటి చెంబుకే ఆమె ఒళ్ళు వణికింది. అప్పుడు ఏడ్చింది. నీళ్ళ చప్పుడులో, గడియ వేసిన తలుపు వెనక, మా ఇద్దరి చేతుల మధ్య ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడ్చింది.

పాత తెల్లచీర కట్టి వరండాలోకి తీసుకొచ్చాం. అక్కడ అంజలై కూర్చుని ఉంది. ఆమె కురుచికుప్పం మనిషి, చేపలమ్మి బతికిన తమిళావిడ. ఆమె భర్తను సముద్రం తీసుకుంది. శవం దొరకలేదు. తడి జుట్టుతో ఆండాళమ్మను చూడగానే ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. దగ్గరికి జరిగి, భుజం మీద చెయ్యి వేసి, వాళ్ళ పేటలో చావింట్లో ఆడవాళ్ళు ఏడ్చినట్టు రాగం తీసి శోకం పెట్టింది. తమిళంలోనే. నువ్వు తిరిగిన గట్టు నిన్ను అడుగుతోంది, నీ అక్క నిన్ను అడుగుతోంది అని. గోవిందరాజులును ఆమె ఎరుగును, అటుకులు తనకూ పెట్టేవాడు.

ఒక్కొక్కరే వచ్చి చేరారు. నడవగలిగినవాళ్ళు నడిచి, కుర్చీలు తోయించుకుని కొందరు. అందరూ ఏడ్చారు. ఒకామె తన చెల్లెలి పేరు పెట్టి ఏడ్చింది. ఇంకొకాయన గోడ వైపు తిరిగి కూర్చుని ఎవరి పేరో నోట్లోనే అనుకున్నాడు. మా గేటు దగ్గర ఆగిపోయాయనుకున్న దుఃఖాలన్నీ లోపలే ఉన్నాయి.

నటరాజన్ గారు శబ్దం విని వేగంగా వచ్చారు. ఆపించడానికే వచ్చారని నడకలో తెలుస్తోంది. వరండా మొదట్లో నిలబడి చూశారు. తరువాత బెంచీ మీద కూర్చుండిపోయారు. అన్నం గంట కొట్టవద్దని వంటగదికి కబురు పంపింది ఆయనే.

నమ్మకం

అంతటితో అంతా చక్కబడలేదు. మరునాటి నుంచి ఆండాళమ్మ ప్రతి మాత్రనూ వేలితో పైకెత్తి, "ఇది ఏంది?" అని అడగడం మొదలుపెట్టింది. బీపీ మాత్ర అంటే, "నిజమేనా?" అనేది. ఏళ్ళుగా వేసుకుంటున్న మాత్రలే. నటరాజన్ గారు నచ్చజెప్పబోతే చేతులు జోడించి, "సార్, మీరు మంచోళ్ళు. అయినా మీ మాట నమ్మేదానికి లేదు నాకు" అంది.

మరునాడు పొద్దున ఆయన మాత్రల స్ట్రిప్పు తానే పట్టుకుని ఆమె దగ్గర కూర్చున్నారు. దాని మీద పేరు చదివి, అది దేనికో చెప్పి, చేతికిచ్చారు. నెలల తరబడి రోజూ అలాగే చేశారు. తమ్ముడి మాసికానికి ఆమెను బాహూరు పంపడానికి బండి మాట్లాడి, ఎత్తడానికి ఇద్దరు మనుషులను తోడు పంపారు. ఒకరోజు నా గదికి వచ్చి, "ఆండాళమ్మ ఈరోజు ఏమీ అడక్కుండా మాత్ర వేసుకుంది సరోజా" అన్నారు. పెద్ద అధికారి దగ్గర మెప్పు పొందిన గుమాస్తాలా ఉంది ఆయన ముఖం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని విని ప్రతి చావునూ ప్రతివారికీ చెప్పేయాలనుకోకండి. జ్ఞాపకం పోయిన ఒకాయన మా దగ్గర ఉండేవాడు. భార్య ఏదని అడిగేవాడు. పోయిందని చెబితే అప్పుడే విన్నట్టు కుమిలిపోయేవాడు, సాయంత్రానికి మళ్ళీ అడిగేవాడు. ఆయనకు నేను చెప్పడం మానేశాను. ఆమె ఏం వండేది, ఎలా ఉండేది అని అడిగి ఆయన చేతే చెప్పించేదాన్ని. తెలుసుకోవడం ఇష్టం లేని మనుషులూ ఉంటారు. కానీ అది వాళ్ళు చెప్పాలి. వాళ్ళ బదులు ఆఫీసు గదిలో కూర్చుని మనం నిర్ణయించకూడదు. ఇంటి మనుషులు కూడా నిర్ణయించకూడదు.

మూడో గదిలో

కొన్నేళ్ళ తరువాత ఆండాళమ్మకు కడుపులో గడ్డ అని తేలింది. వైద్యానికి అందే దశ దాటిపోయింది. దేవరాజు ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ ఎవరినీ ఒప్పించనక్కర్లేకపోయింది. నటరాజన్ గారే లేచి, "పదండి, ఆమెకు చెబుదాం" అన్నారు.

అప్పటికి ఆమె ఉంటున్న మూడో గదిలో ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు అడిగారు, "డాక్టరు ఏమన్నారో మీకు చెప్పమంటారా అమ్మా?"

"చెప్పండి" అంది.

చెప్పారు. తమిళంలో, నిదానంగా, ఒక్క మాటా మింగకుండా. ఆమె అంతా విని, "ఎన్నాళ్ళు?" అంది.

"డాక్టరుకు కూడా కచ్చితంగా తెలియదు. ఎక్కువ కాదన్నారు."

"బాహూరుకు వస్తావా అత్తా?" అన్నాడు దేవరాజు. "మనుషులను పెడతాను."

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దురా. ఈడ నన్ను ఎత్తేవాళ్ళకు నా ఒళ్ళు అలవాటు. ఈడే ఉంటా. నువ్వు వస్తా పోతా ఉండు." తరువాత నా వైపు తిరిగి, "నొప్పికి మాత్రం మందు ఇయ్యండి. దాంట్లో మాత్రం నాకు ధైర్యం లేదు" అంది.

ఇస్తామన్నాను. నటరాజన్ గారు ఆమె చెయ్యి పట్టుకుని, విడిచిపెట్టి, లేచి నిలబడ్డారు. దేవరాజు ముఖం అటు తిప్పుకుని, తలుపు వైపు నడిచాడు.

"యాడికి పోతావు?" అంది ఆండాళమ్మ.

"ఈడేలే అత్తా. వరండాలోకి."

"వరండాలో ఏముండాది? ఇట్టా రా. ఈడ కూర్చో."

అతను వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. పెదవి బిగబట్టుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆమె అతని మోచెయ్యి పట్టి తన వైపు లాగింది.

"ఏడువురా" అంది. "ఈసారి నేను చూస్తా ఉండంగానే ఏడువు."